మంచు తలుపు మూసేలోగా...

ఆగస్టులో వెళితే కారు వెనక కారు. పార్కింగ్ దొరికేసరికి మధ్యాహ్నమవుతుంది. డిసెంబరులో వెళితే అసలు దారే ఉండదు. కనుమ దగ్గర గేటు దించి తాళం వేసేస్తారు. ఈ రెంటికీ నడుమ, సెప్టెంబరు రెండో వారం నుంచి అక్టోబరు చివరిదాకా ఓ ఆరేడు వారాలుంటాయి. బళ్ల రద్దీ తగ్గిపోతుంది. మంచు ఇంకా పూర్తిగా దిగి రాదు. కొండల మీది అడవి పచ్చచీర విప్పి పసుపుచీర కట్టుకుంటుంది. ఆల్ప్స్‌ని నింపాదిగా చూడాలనుకునేవాళ్లు చక్రాల ఇంటిని బయటికి తీసేది అప్పుడే.

ఆల్ప్స్ మనకేం కొత్త కాదు. ఊటీ, కశ్మీర్ పాతబడ్డాక మన హీరో హీరోయిన్లు పాట అందుకోగానే వెళ్లి వాలింది అక్కడే. కాకపోతే సినిమాలో కనిపించేది నాలుగు నిమిషాల పచ్చిక, ఓ మంచు శిఖరం. అసలు కొండలు ఫ్రాన్స్, మొనాకోల నుంచి స్లొవేనియా దాకా 1,200 కిలోమీటర్ల పొడవున కొడవలిలా వంగి ఉంటాయి. మొత్తం ఎనిమిది దేశాలు. ఆ కొడవలిలో తూర్పుభాగాన్ని, అంటే జర్మనీలోని మ్యూనిక్‌లో బయల్దేరి ఆస్ట్రియా, ఇటలీ, స్విట్జర్లాండ్‌లను చుట్టి మళ్లీ మ్యూనిక్ చేరే దారిని వెయ్యి కిలోమీటర్ల లోపే పూర్తిచేయొచ్చు. కారులో గట్టిగా తిప్పితే మూడు రోజుల పని. క్యాంపర్ వ్యాన్‌లో పదిరోజులన్నా పెట్టుకోవాలి. ఎందుకంటే అందులో ప్రయాణం సగమే... మిగతా సగం సంసారం!

పెళ్లాం కోసం కట్టిన బండి

ఈ చక్రాల ఇంటి కథ కూడా ఆ కొండల పాదాల దగ్గరే మొదలైంది. జర్మనీలోని ఇస్నీ అనే చిన్న ఊళ్లో ఆరిస్ట్ డెత్‌లెఫ్స్ కుటుంబానికి కొరడాలు, స్కీయింగ్ కర్రలు తయారుచేసే వ్యాపారం. సరుకు అమ్మడానికి ఆయన వారాల తరబడి ఊళ్లు తిరగాల్సి వచ్చేది. పెళ్లాడబోయే ఫ్రీడెల్ చిత్రకారిణి. ఇద్దరం కలిసి తిరిగేలా, దారిలో తను బొమ్మలు వేసుకునేలా ఏదన్నా ఏర్పాటు ఉంటే బాగుంటుందని ఆమె కోరిక. దాంతో ఆయన 1931లో కారు వెనక తగిలించుకునే చిన్న గదిని కట్టాడు. జర్మనీలో మొదటి కారవాన్‌గా చెప్పుకునేది దాన్నే. తర్వాత ఇరవై ఏళ్లకి, 1950లో ఫోక్స్‌వాగన్ తన గుండ్రటి మూతి వ్యాన్‌ని మార్కెట్లోకి తెచ్చింది. మరుసటేడాదే వెస్ట్‌ఫాలియా కంపెనీ అందులో ఇమిడిపోయే మంచం, బల్ల, అలమర తయారుచేసింది. గది బండి వెనక వేలాడడం మానేసి బండి లోపలికి వచ్చేసిందన్నమాట.

ఇప్పుడు అద్దెకు దొరికేవాటిలో రెండు రకాలు. డెలివరీ వ్యాన్‌నే లోపల ఇల్లులా మార్చింది క్యాంపర్ వ్యాన్. ఆరు మీటర్ల లోపు పొడవు, ఇద్దరికి హాయి, నలుగురికి ఇరుకు. వెనక పెద్ద పెట్టెలాంటి గది కట్టింది మోటర్‌హోమ్. ఏడు మీటర్లు దాటుతుంది, నలుగురికీ మంచాలుంటాయి. విశాలంగా ఉందని పెద్దదాన్నే ఎంచుకోవాలనిపిస్తుంది. అక్కడే ఓ క్షణం ఆగాలి. మైదానంలో మోటర్‌హోమ్ రాజా. కొండమలుపులో చిన్న వ్యానే రాజా. ఆరుగురు మిత్రులు కలిసి వెళ్లేటట్టయితే ఒక పెద్ద బండి కన్నా రెండు చిన్న వ్యాన్లే నయం. ఒకదాంట్లో గురక పెట్టేవాళ్లు, రెండోదాంట్లో పెట్టనివాళ్లు అని పంచుకోవడానికీ వీలుంటుంది.

నూట ఇరవై కిలోలే మీవి

అద్దె ఆఫీసులో తాళాలు చేతికొచ్చాక అందరూ చేసే పని, ఉన్న సామానంతా ఎక్కించేయడం. ఐరోపాలో మామూలు కారు లైసెన్సుతో నడపగలిగే బళ్ల బరువుకి ఓ గీత ఉంది. సామానుతో, మనుషులతో కలిపి 3,500 కిలోలు. మోటర్‌హోమ్ ఖాళీగానే మూడు టన్నులకు దగ్గరగా తూగుతుంది. మిగిలింది 500 కిలోలు అనుకుందాం. నలుగురు మనుషులు 280. ట్యాంకు నిండా నీళ్లు 100 లీటర్లు, అంటే మరో వంద కిలోలు. ఇక మిగిలేది 120! గ్యాసు సిలిండరు, దుప్పట్లు, మడత కుర్చీలు, గిన్నెలు, బియ్యం, నాలుగు సూట్‌కేసులు... అన్నీ అందులోనే. బరువు మించితే పోలీసు ఆపి జరిమానా వేయడం ఒక ఎత్తు. కొండ దిగేటప్పుడు బ్రేకులు మొరాయించడం ఇంకో ఎత్తు.

మనుషుల లెక్క కూడా ఇంతే కచ్చితం. బండిలో ఎన్ని సీటుబెల్టులుంటే అంతమందే. ఆరు మంచాలున్నా బెల్టులు నాలుగే ఉంటే నలుగురే ఎక్కాలి. నడిచే బండిలో వెనక మంచమ్మీద పడుకుని వెళ్లడం కుదరదు. మన లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి. స్టీరింగ్ ఎడమవైపు, రోడ్డుకి కుడివైపు ప్రయాణం, గేరు కుడిచేతికి. తొలిరోజు అందరి చేతులూ తలుపు పిడిని పట్టుకుని గేరు మార్చబోతాయి. అందుకే మొదటి రోజు కొండెక్కకుండా మైదానంలో ఓ వంద కిలోమీటర్లు తిప్పి, తొలి రాత్రి ఏ సరస్సు పక్కనో ఆగమని అనుభవజ్ఞులు చెబుతారు.

నిరుద్యోగులు వేసిన ఆకాశమార్గం

మ్యూనిక్ నుంచి ఆగ్నేయంగా వెళితే ఆస్ట్రియాలో గ్రాస్‌గ్లాక్నర్ హై ఆల్పైన్ రోడ్డు వస్తుంది. 48 కిలోమీటర్లు, 36 హెయిర్‌పిన్ మలుపులు. దీని పుట్టుక వెనక ఓ కష్టకాలం ఉంది. 1930ల మొదట్లో ఆర్థికమాంద్యం దెబ్బకి ఆస్ట్రియాలో పనుల్లేక జనం రోడ్డున పడ్డారు. ఆ జనానికే రోడ్డు పని ఇచ్చారు. ఇంజినీరు ఫ్రాంజ్ వాలక్ గీసిన దారిలో వేలమంది కొండని తొలిచి, 1935 ఆగస్టులో దాన్ని బళ్లకి తెరిచారు. రోడ్డు దాటే కనుమ పేరు హోక్‌టోర్, ఎత్తు 2,504 మీటర్లు. వాలక్ తర్వాత మంచు తొలగించే యంత్రాలు కూడా రూపొందించాడు. మే నెలలో దారి తెరవడానికి ఇప్పటికీ ఆ యంత్రాలనే వాడతారు.

ఇది టోలు రోడ్డు. మే నుంచి నవంబరు మొదటి రోజుల దాకా తెరిచి ఉంటుంది... మంచు ఒప్పుకుంటే! రాత్రి గేట్లు మూసేస్తారు. సెప్టెంబరులోనే ఓ రాత్రి మంచు కురిసి, పొద్దున్నే దారి మూతపడి, మధ్యాహ్నానికి మళ్లీ తెరుచుకోవడం ఇక్కడ మామూలు. అందుకే ఈ కాలంలో క్యాంపర్ వ్యాన్‌లో వెళ్లేవాళ్లకి మ్యాప్ ఎంత ముఖ్యమో, రాబోయే మూడు రోజుల వాతావరణం అంత ముఖ్యం. ముందు అనుకున్న వరస ఏదైనా, ఎండ ఉన్న రోజుని కనుమకి ఇచ్చేయాలి. వానరోజుని ఊళ్లకి, మ్యూజియాలకి ఉంచుకోవాలి. హోటళ్లు ముందే బుక్ చేసుకున్న ప్రయాణికుడికి ఈ వెసులుబాటు ఉండదు. వ్యాన్ అద్దె గిట్టుబాటయ్యేది నిజానికి ఇక్కడే.

ఈ దారిలోంచి పక్కకి చీలితే ఫ్రాంజ్ జోసెఫ్ హోయ అనే చోటు వస్తుంది. 1856లో ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్, రాణి ఎలిజబెత్ వచ్చి వెళ్లడంతో ఆ పేరు పెట్టారు. ఎదురుగా 3,798 మీటర్ల గ్రాస్‌గ్లాక్నర్, ఆస్ట్రియా మొత్తానికీ ఎత్తయిన శిఖరం. దాని కింద పాస్టెర్జె హిమానీనదం, ఆ దేశంలోకెల్లా పెద్దది. చక్రవర్తి కాలంలో అది అంచులదాకా నిండుగా ఉండేది. జనాన్ని మంచు దగ్గరికి దించడానికని 1963లో ఇక్కడ కొండవాలు మీద చిన్న రైలు కూడా కట్టారు. ఆ రైలు దిగే చోటు కొండ మీద అలాగే ఉంది, మంచు మాత్రం ఎంతో కిందికీ దూరానికీ వెళ్లిపోయింది. ఏ ఏడాదికి మంచు ఎక్కడున్నదీ చెప్పే గుర్తులు నడకదారిలో కనిపిస్తాయి. వేసవి కరుగుదలంతా అయిపోయి కొత్తమంచు పడకముందు వచ్చేవాళ్లకి ఆ నది మరీ చిక్కి కనిపిస్తుంది. ఫొటోలకి నప్పదు గానీ, నిజం తెలుసుకోవాలంటే అదే సరైన సమయం.

అక్కడా కనుమ పండగే!

సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మొదటివారం దాకా, ఆస్ట్రియా పల్లెదారుల్లో బండి నడిపేవాళ్లకి ఏదో ఓ మలుపులో గంటల మోత వినిపిస్తుంది. వెంటనే బండి పక్కకి తీసి ఇంజిన్ ఆపేయాలి. హారన్ కొట్టే ఆలోచనే రానివ్వకూడదు. కాసేపటికి రోడ్డు నిండా ఆవులు! ముందు నడిచే ఆవు తలపైన దేవదారు రెబ్బలు, పూలు, రిబ్బన్లు, అద్దాలతో కట్టిన పెద్ద కిరీటం ఉంటుంది. మెడలో పెద్ద గంట. వెనక సంప్రదాయ దుస్తుల్లో కాపరులు.

జూన్‌లో మందని కొండల మీది పచ్చికబయళ్లకి తోలుకెళతారు. వేసవంతా అవి అక్కడే మేస్తాయి, కాపరులు అక్కడే పాలు పితికి జున్నుగడ్డలు కడతారు. చలి మొదలవగానే మందని ఊళ్లోకి దించుతారు. ఇది ఆల్మాబ్‌ట్రీబ్. ఆ రోజు ఊరికి తిరునాళ్లే. గంటల చప్పుడుకి, అద్దాల తళుకుకి దుష్టశక్తులు పారిపోతాయని పెద్దల నమ్మకం. సంక్రాంతి మూడోనాడు పశువుల కొమ్ములకి రంగులేసి మెడలో గంటలు కట్టే మనకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. కనుమ దాటి వచ్చే పశువులకి అక్కడా కనుమ పండగే!

కిరీటాలు ప్రతి ఏడూ ఉండవు. వేసవిలో మందలో ఏ ఆవన్నా కొండ మీద చనిపోతే, కాపరి కుటుంబంలో ఎవరన్నా పోతే, ఆ ఏడు చాలాచోట్ల అలంకారం మానేస్తారు. మంద మౌనంగా దిగుతుంది. కిరీటాల్లేని మంద ఎదురైతే ఫోను జేబులో పెట్టేయడం మర్యాద. పశువుల్ని ఇలా రుతువుని బట్టి కొండకీ మైదానానికీ తోలుకెళ్లే ఆచారాన్ని 2019లో యునెస్కో మానవాళి వారసత్వంగా గుర్తించింది.

పప్పు ఉడకదు, ఫ్యూజు ఆగదు

ఇక వంట. మనవాళ్లు గుంపుగా వెళ్లే ఏ ప్రయాణమైనా చివరికి ఇక్కడికే వస్తుంది. వ్యాన్‌లో రెండు బర్నర్ల గ్యాసు పొయ్యి, చిన్న సింకు, చిన్న ఫ్రిజ్ ఉంటాయి. రైస్ కుక్కర్ పట్టుకెళ్లినవాళ్లకి తొలి షాక్ కొట్టేది కరెంటు దగ్గర. బండి ఓ పక్కన ఆగి ఉన్నప్పుడు 230 వోల్టుల ప్లగ్గులు పనిచేయవు. క్యాంప్‌సైట్‌లో స్తంభం నుంచి వైరు లాగి తగిలించాలి. కొన్నిచోట్ల ఆ స్తంభం ఇచ్చేది 6 యాంపియర్లే, అంటే సుమారు 1,400 వాట్లు. రైస్ కుక్కర్ ఒక్కటే అయితే నడుస్తుంది. అన్నం ఉడుకుతుండగా ఎవరో కాఫీ కోసం ఎలక్ట్రిక్ కెటిల్ నొక్కారా, ఫ్యూజు ఎగిరిపోతుంది. రాత్రిపూట క్యాంప్‌సైట్ ఆఫీసు మూసేశాక ఎగిరితే తెల్లారేదాకా చీకటే.

రెండో షాక్ పప్పు దగ్గర. రెండువేల మీటర్ల ఎత్తులో నీళ్లు 93 డిగ్రీలకే మరిగిపోతాయి. ఎంతసేపు మరిగినా కందిపప్పు పలుకు పలుకుగానే ఉంటుంది. బరువైనా సరే, ఆ 120 కిలోల్లో చిన్న ప్రెషర్ కుక్కర్‌కి చోటివ్వాల్సిందే. తిరగమోత పెట్టేముందు పైకప్పు కిటికీ తెరవాలి. కారం ఘాటు కోసమే కాదు, చిన్న గదిలో గ్యాసు మంట కాసేపు వెలిగితే గాలి విషమవుతుంది. చలి వేస్తోందని పొయ్యి వెలిగించి కిటికీలన్నీ బిగించుకుని కూర్చోవడం ప్రాణాల మీదికి తెస్తుంది. వెచ్చదనానికి వ్యాన్‌లో హీటరు వేరే ఉంటుంది. దాని పొగ బయటికే పోతుంది.

సిలిండరులో ఏ గ్యాసు ఉందో కూడా చూసుకోవాలి. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరవడం మానేస్తుంది. ప్రొపేన్ మైనస్ 42 దాకా పనిచేస్తుంది. అక్టోబరులో కొండ మీద రాత్రి సున్నాకి దిగిపోవడం మామూలే కనుక ప్రొపేనే కావాలి. ఇంకో చిత్రం కూడా జరుగుతుంది. కొన్ని వ్యాన్లలో వేడినీళ్ల బాయిలరుకి ఓ రక్షణ వాల్వు ఉంటుంది. బాయిలరు ఆపేసి ఉండగా చలి 3 డిగ్రీలకి దిగితే, గొట్టాలు గడ్డకట్టి పగలకుండా అది తనంతట తానే తెరుచుకుని నీళ్లని బయటికి వదిలేస్తుంది. తెల్లారి పళ్లు తోముకుందామని కొళాయి తిప్పినవాళ్లకి గాలి వస్తుంది. బండి చెడిపోలేదు, బుద్ధిగా తన పని చేసింది. అంతే.

ఆరుగురిలో స్నేహం నిలిచేదీ చెడేదీ మాత్రం ఇంకో పెట్టె దగ్గర. వ్యాన్ టాయిలెట్ కింద ఇరవై లీటర్లకి కాస్త తక్కువ పట్టే డబ్బా ఉంటుంది. నలుగురు వాడితే రెండురోజులకోసారి లాగి, క్యాంప్‌సైట్‌లో దానికని కేటాయించిన చోట పారబోసి కడిగి తీసుకురావాలి. దారి చూసేవాడు, డబ్బు లెక్క రాసేవాడు, వంట చేసేవాడు తేలిగ్గా దొరుకుతారు. ఈ పనికి మాత్రం వంతులు బయల్దేరకముందే కాగితం మీద రాసుకోవాలి. ‘ఎవరో ఒకరు చేస్తార్లే’ అనుకున్న గుంపులో ఆ ఎవరో ఒకరు మూడోరోజు నుంచి ఎవరితోనూ మాట్లాడరు.

గులాబీ తోటకి శాపం

హైలిగెన్‌బ్లూట్, లియెంజ్ దాటి ఇటలీలో అడుగుపెడితే కొండల తీరే మారిపోతుంది. గుండ్రటి శిఖరాలు పోయి, నేలలోంచి నిలువునా లేచిన లేతరంగు రాతిగోడలు వస్తాయి. ఇవే డోలమైట్స్. 2009లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. సాయంత్రం పొద్దు వాలగానే ఆ రాళ్లు ముందు నారింజ, తర్వాత గులాబీ, ఆఖరుకి ఊదారంగుకి తిరుగుతాయి. దానికో కథ చెబుతారు. లౌరిన్ అనే మరుగుజ్జు రాజుకి కొండ మీద గులాబీతోట ఉండేది. ఆ తోట వల్లే శత్రువులకి తన ఆచూకీ తెలిసిపోయిందని కోపమొచ్చి, ‘పగలు గానీ రాత్రి గానీ ఎవరి కంటా పడకు’ అని తోటని శపించాడట. సంధ్యవేళని చెప్పడం మరిచిపోయాడు. మన హిరణ్యకశిపుడి వరంలో మిగిలిపోయిన సందే ఇక్కడా!

అక్టోబరు మధ్యకి ఇక్కడ చూడాల్సింది లార్చ్ చెట్లు. సూదుల్లాంటి ఆకులుండే చెట్లు మామూలుగా ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటాయి. లార్చ్ ఒక్కటే చలికి ముందు ఆకులన్నీ రాల్చేస్తుంది. రాల్చేముందు బంగారంలా పండుతుంది. పక్కన ఫిర్ చెట్లు నల్లటి పచ్చ, మధ్యలో లార్చ్ పసుపు, పైన బూడిదరాయి, ఆ పైన నిన్న రాత్రి పడ్డ మంచు. వారం పదిరోజుల ముచ్చట. గట్టి గాలివాన వస్తే ఒక్క రాత్రిలో సరి.

కొర్టీనా నుంచి బోల్జానో వెళ్లే డోలమైట్స్ మహామార్గం 1909లో పూర్తయింది. ఫాల్జారెగో, పోర్డోయ్ కనుమల మీదుగా సాగే దారి అది. విహారానికని వేసిన ఈ రోడ్డు ఆరేళ్లకే యుద్ధభూమి అయింది. 1915 నుంచి రెండేళ్లకి పైగా ఇటలీ, ఆస్ట్రియా సైన్యాలు ఈ శిఖరాల మీదే తలపడ్డాయి. ఫాల్జారెగో పక్కనున్న లగజువోయ్ కొండలో సైనికులు తవ్విన సొరంగాల్లో ఇప్పుడు పర్యాటకులు టార్చిలైట్లతో నడుస్తారు. యుద్ధం ముగిశాక దక్షిణ టైరోల్ ఇటలీపరమైంది. అందుకే ఇటలీలో ఉన్నా ఇక్కడ ఊరి బోర్డుల మీద జర్మన్ కనిపిస్తుంది. కొన్ని లోయల్లో లదిన్ అనే మూడో భాష కూడా.

బోల్జానోలో వానరోజు కోసం దాచుకోవాల్సిన మ్యూజియం ఒకటుంది. 1991 సెప్టెంబరు 19న కొండెక్కడానికి వచ్చిన ఓ జర్మన్ జంటకి కరుగుతున్న మంచులో ఓ శవం కనిపించింది. ఎవరో పర్వతారోహకుడు అనుకున్నారు. తీరా చూస్తే వయసు 5,300 ఏళ్లు! ఓట్జి అని పేరుపెట్టిన ఆ మనిషిని ఇక్కడ చలిగదిలో భద్రపరిచి, చిన్న కిటికీలోంచి చూపిస్తారు. శరత్కాలంలో ఈ ప్రాంతపు రైతుల ఇళ్లలో కాల్చిన చెస్ట్‌నట్లు, కొత్త వైన్ పెట్టి అతిథుల్ని కూర్చోబెట్టే ఆచారం ఉంది, పేరు టోర్గెలెన్. వైన్ వద్దనుకుంటే చెస్ట్‌నట్లు చాలు. చిలగడదుంపకి, వేయించిన జీడిపప్పుకి మధ్య రుచి. డ్రైవరుకి మాత్రం ఆ చెస్ట్‌నట్లే దిక్కు.

నాలుగు చక్రాలే నేలకి తగలాలి

‘ఎక్కడ నచ్చితే అక్కడ ఆగి పడుకోవచ్చు’... క్యాంపర్ వ్యాన్ గురించి అందరూ చెప్పే మాట, సగానికి పైగా తప్పు. జర్మనీలో నిషేధం లేని చోట రోడ్డు పక్కన ఒక రాత్రి నిద్రపోనిస్తారు. అది కూడా డ్రైవరు అలసట తీర్చుకోవడానికే. కుర్చీలు బయట వేశారంటే అది క్యాంపింగ్ కింద లెక్క. ఇటలీ రోడ్డు చట్టం 185వ అధికరణం ఇంకాస్త తమాషాగా ఉంటుంది. బండి చక్రాలు తప్ప ఇంకేదీ నేలకి ఆనకూడదు, పందిరి బయటికి చాపకూడదు, పొగ తప్ప ఇంకేదీ బయటికి వదలకూడదు. అప్పుడది పార్కింగే, క్యాంపింగ్ కాదు. స్లొవేనియాలో క్యాంప్‌సైట్ బయట పడుకోవడం నిషేధం. ఆస్ట్రియాలో, స్విట్జర్లాండ్‌లో ప్రాంతాన్ని బట్టి, ఒక్కోచోట ఊరిని బట్టి రూలు మారిపోతుంది.

ఈ కట్టుబాట్ల మీద విసుక్కునేముందు కొండ మీది ఊరివాళ్ల వైపు నుంచి చూడాలి. వెయ్యిమంది కూడా లేని ఊరికి వేసవిలో రోజూ అంతకు ఎన్నో రెట్ల జనం వచ్చి పడతారు. తెల్లారేసరికి పచ్చికలో చెత్త, వాగుపక్కన సబ్బునీళ్లు. ఆ పచ్చిక వాళ్ల ఆవులు తినేది. డోలమైట్స్‌లోని బ్రాయెస్ సరస్సుకి నిండు వేసవిలో కార్లు ఇష్టం వచ్చినట్టు వెళ్లకుండా అడ్డుకట్ట వేసింది అందుకే.

శరత్కాలంలో ఇంకో చిక్కుంది. చాలా క్యాంప్‌సైట్లు అక్టోబరు మధ్యకల్లా మూసేస్తారు. రోప్‌వేలు, కొండ మీది హోటళ్లు కూడా అంతే. మళ్లీ స్కీయింగ్ మొదలయ్యేదాకా తెరవరు. ఏడాది పొడుగునా తెరిచి ఉండేవాటిని ముందే గుర్తుపెట్టుకుని, చీకటిపడేలోగా చేరుకోవాలి. అక్టోబరు చివరి ఆదివారం ఐరోపా గడియారాలన్నీ గంట వెనక్కి తిప్పుతారు. అంతకుముందు ఆరు దాటినా ఉండే వెలుతురు, ఆ సోమవారం ఐదింటికే వెళ్లిపోతుంది. జర్మన్ మాట్లాడే చోట్ల రాత్రి పదయ్యాక నిశ్శబ్దం పాటించాలి. అంత్యాక్షరి మొదలుపెట్టేముందు గడియారం చూసుకోవడం మంచిది!

48 మలుపులు, ఒకటే రోడ్డు

మెరానో దాటి ప్రాటో అనే ఊరి నుంచి ఎక్కితే స్టెల్వియో కనుమ. ఎత్తు 2,757 మీటర్లు. ఈ వైపు 48 హెయిర్‌పిన్ మలుపులు, ప్రతిదానికీ నంబరు రాయి. 1820 నుంచి 1825 దాకా, ఆస్ట్రియా సామ్రాజ్య కాలంలో కార్లో డొనెగాని అనే ఇంజినీరు వేసిన గుర్రబ్బండ్ల దారి ఇది. తిరుమలలోలా ఎక్కడానికో రోడ్డు, దిగడానికో రోడ్డు ఉండవు. ఎదురొచ్చే బండి కూడా ఆ మలుపులోనే తిరగాలి. ఏడు మీటర్ల మోటర్‌హోమ్‌కి ఒక్కో మలుపులో రోడ్డంతా కావాలి, అప్పటికీ ఒక్కోసారి వెనక్కి తీసి తిప్పాలి. చిన్న వ్యాన్ అన్న మాట ఇక్కడ గుర్తొస్తుంది. పెద్ద బండి ఉన్నవాళ్లు దీన్ని వదిలేసి, రెషెన్ కనుమ మీదుగా ఆస్ట్రియాలోకి తేలిగ్గా వెళ్లిపోవచ్చు. అందులో నామోషీ ఏం లేదు.

దిగేటప్పుడు సూత్రం మన ఘాట్‌లలో లారీడ్రైవర్లకి తెలిసిందే. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి. బండి వేగాన్ని ఇంజినే పట్టి ఉంచాలి. మూడున్నర టన్నుల బరువుని గంటసేపు బ్రేకు మీద ఆపుతూ దిగితే అవి వేడెక్కి పట్టు వదిలేస్తాయి. స్విట్జర్లాండ్ వైపు పసుపురంగు పోస్టుబస్సు ఎదురైతే దారి దానిదే. మలుపు అవతల నుంచి మూడు స్వరాల హారన్ వినిపిస్తే బస్సు వస్తోందని అర్థం. ఆ స్వరాలు రోసీని సంగీతం కట్టిన ‘విలియం టెల్’ లోవి. బస్సు డ్రైవరు వెనక్కి తీయమని సైగ చేస్తే తీయాల్సిందే.

స్టెల్వియో నుంచి ఉంబ్రైల్ కనుమ మీదుగా దిగితే స్విట్జర్లాండ్‌లోని మ్యూస్టెయిర్ లోయ. పన్నెండు వందల ఏళ్ల నాటి గోడచిత్రాలున్న మఠం ఉందక్కడ. ఓఫెన్ కనుమ దాటితే జెర్నెజ్ ఊరు. ఈ రెంటి మధ్య రోడ్డు 1914లో ఏర్పడ్డ స్విస్ నేషనల్ పార్కులోంచి వెళుతుంది. అక్కడ కాలిబాట తప్పకూడదు, పువ్వు కోయకూడదు, రాలిన కొమ్మని కూడా తీసుకెళ్లకూడదు. సెప్టెంబరు చివర ఆ దగ్గరి ట్రుప్చున్ లోయలో ఎర్రదుప్పుల జతకట్టే కాలం. మగదుప్పులు ఒకదాన్నొకటి సవాలు చేస్తూ పెట్టే అరుపులు కొండకి కొండకి తగిలి మార్మోగుతాయి. వాటిని వినడానికే జనం దుర్భిణీలు పట్టుకుని వచ్చి, చప్పుడు చేయకుండా గంటలకొద్దీ కూర్చుంటారు. ఈ ప్రాంతంలో మాట్లాడేది రొమాంష్, ఆ దేశపు నాలుగో జాతీయభాష.

ఇక్కడికి వచ్చేసరికి అక్టోబరు చివరైతే కనుమలు ఒక్కొక్కటే మూతపడుతుంటాయి. పక్కనున్న ఫ్లూయెలా కనుమ మూసేస్తే కొండ కిందనుంచి రైలుంది. 1999లో తెరిచిన 19 కిలోమీటర్ల వెరైనా సొరంగంలో, బండినే రైలెక్కించి లోపల కూర్చుని వెళ్లొచ్చు. స్టెల్వియో మీద గేటు పడిపోతే మాత్రం చుట్టుదారే. ‘రోడ్డు మూసివేయబడింది’ అన్న బోర్డు పక్కనుంచి దూరిపోయే తెలివితేటలు ఇక్కడ పనికిరావు. 2025 మే 28న స్విట్జర్లాండ్‌లోనే లోట్షెన్ లోయలో హిమానీనదం కూలి, బ్లాటెన్ అనే ఊరిని దాదాపు మొత్తం కప్పేసింది. కొండ కదులుతోందని అధికారులు ముందే పసిగట్టి, సుమారు 300 మందిని తరలించడంతో ఊరి జనం బతికారు. ఆ సమయంలో అక్కడున్న ఓ వ్యక్తి చనిపోయాడు. మూసిన గేటు వెనక ఏముందో బండిలోంచి కనిపించదు.

జెర్నెజ్ నుంచి ఇన్ నది వెంబడే దిగితే ఆస్ట్రియాలోని లాండెక్, అక్కడినుంచి ఫెర్న్ కనుమ మీదుగా జర్మనీ. నవంబరు ఒకటి దాటితే ఆస్ట్రియాలో మంచురోడ్ల మీద వింటర్ టైర్లు తప్పనిసరి, అద్దెకు తీసుకునేటప్పుడే అడగాలి. ఆస్ట్రియా మోటర్‌వేలకి విన్యెట్ అనే టోలు స్టిక్కరు కావాలి, పదిరోజులది దొరుకుతుంది. స్విట్జర్లాండ్‌లో ఏడాదిదే అమ్ముతారు, 40 ఫ్రాంకులు. షెంజెన్ వీసాకి ఎక్కువ రాత్రులు గడిపే దేశంలోనే దరఖాస్తు చేసుకోవాలి. ఎండని బట్టి దారి మార్చుకునేవాళ్లకి ఆ రాత్రుల లెక్క ముందే తేల్చడం కాస్త కష్టం, అయినా తప్పదు.

తిరుగుదారిలో కనుమల దగ్గర రోడ్డు సిబ్బంది పొడవాటి కర్రలు పాతుతూ కనిపిస్తారు. మంచు మీటర్ల కొద్దీ పేరుకున్నాక రోడ్డు అంచు ఎక్కడుందో యంత్రం నడిపేవాడికి తెలియడానికి. మ్యూనిక్‌లో వ్యాన్ తిరిగిచ్చేముందు మురికినీళ్ల ట్యాంకు ఖాళీచేయాలి, టాయిలెట్ డబ్బా కడగాలి, లోపల ఊడవాలి, డీజిల్ నింపాలి. ఇంగువ వాసన పోవడానికి ఆఖరి వంద కిలోమీటర్లు కిటికీలు తెరిచి నడపడం మంచిది. డిపాజిట్ మొత్తం వెనక్కి రావాలంటే మరి!